తవుడికి కొన్న తమ్ముడు

డాక్టరమ్మ మా మనవడి గొంతులోకి టార్చి వేసి చూసింది. నాలుక మీద పుల్ల ఆనించి పిల్లాడి తల ఇటు తిప్పింది, అటు తిప్పింది. దవడ కింద వేళ్ళతో తడిమింది. "వీడికి టాన్సిల్స్ ఎప్పుడైనా తీయించారా?" అని అడిగింది. మూడేళ్ళ పిల్లాడికి ఎవరు తీయిస్తారు, లేదన్నాం. "మరి ఇక్కడ కనిపించాల్సినవి కనిపించడం లేదు" అంటూ పుల్ల చెత్తబుట్టలో పడేసి, నా కూతురు శైలజ వైపు తిరిగింది. "మీ అమ్మగారి వైపు మగపిల్లలు ఎవరైనా చిన్నతనంలో పోయారా? నెమ్ముతో గానీ, విరేచనాలతో గానీ? ఎప్పుడూ చెవిలో చీము కారుతుండేవాళ్ళు ఎవరైనా?" శైలజ నా మొహం చూసింది. దానికేం తెలుసు, నేనెప్పుడు చెప్పాను గనక. విశాఖపట్నంలో ఆ ఆసుపత్రి గదిలో చల్లగా ఏసీ వీస్తోంది. నా ముక్కుకు మాత్రం వెల్లుల్లి వేసి కాచిన నూనె వాసన తగిలింది, దాని వెనకే చీము వాసన. "పోయారు. నా తమ్ముళ్ళు ఇద్దరు. మా అమ్మ తమ్ముళ్ళు కూడా" అన్నాను. ఆమె తల ఊపి రాసుకుంది. ఆశ్చర్యపోలేదు. మా అమ్మ ఏ సంగతి తెలియక బతుకంతా దేవుళ్ళనీ సోదె చెప్పేవాళ్ళనీ అడుగుతూ తిరిగిందో, ఆ సంగతిని నా కూతురి ఈడు పిల్ల ఒకతె, మీది ఏ ఊరు అని అడిగినంత మామూలుగా మమ్మల్నే అడిగింది. అందుకు సంతోషించాలో ఏడవాలో తెలియక, మంచం మీద కూర్చున్న చరణ్ గాడి జోడు సరిచేస్తూ తల వంచుకున్నాను.

మా ఊరు నరసన్నపేటకు దగ్గర. పెద్ద రోడ్డు మీద బస్సు దిగి పొలాల మధ్య నడిచి వెళ్ళాలి. మాది పెంకుటిల్లు, ముందు అరుగు, వెనక పశువుల శాల. వానలు తగ్గుముఖం పట్టాక గోగు కోసి కట్టలు కట్టి గుంటల్లో నానేసేవారు. అది కుళ్ళి, నార విడివడే దాకా ఊరంతా అదే వాసన. కట్టుకున్న బట్టకీ తినే అన్నానికీ అదే అంటుకునేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకుంటే మాకు నవ్వొచ్చేది. అరుగు మీద మా నాయనమ్మ చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ కూర్చునేది. నిప్పు లోపలుండగానే మాట్లాడేది, తిట్టేది, పనివాళ్ళను పురమాయించేది. ఆ నోట్లోంచి మాట ఎంత వేడిగా వచ్చినా నోరు మాత్రం కాలేది కాదు. చిన్నప్పుడు అది నాకు గొప్ప వింతగా ఉండేది.

మా అమ్మ పేరు సన్యాసమ్మ. ఎక్కడో శృంగవరపుకోట పక్క కొండల కింది ఊరినుంచి ఇంత దూరం ఇచ్చారు. ఇంట్లో అందరికంటే ముందు లేచేది. వాకిట్లో కల్లాపి జల్లి, కుండలో చోడంబలి కాచి, పశువులకు కుడితి పెట్టి, పాలు పితికి, ఇవన్నీ అయ్యాక గానీ మేం కళ్ళు తెరిచేవాళ్ళం కాదు. ఆమె నడుస్తుంటే చప్పుడు వినబడేది కాదు. పనిలో నెమ్మది కాదు అది, ఎవరి కంటా పడకూడదన్న జాగ్రత్త. ఆ జాగ్రత్త నా మొదటి తమ్ముడు పోయాక మొదలైందని తర్వాత అర్థమైంది. వాడు నాకు సరిగా గుర్తు లేడు. బొద్దుగా ఉండేవాడట. ఆరునెలల దాకా ఇంటి దీపమని మోశారట. పాకడం మొదలుపెట్టాక జ్వరం, దగ్గు, విరేచనాలు ఒకదాని వెనక ఒకటి పట్టుకుని, పేరు పెట్టి పిలవడం అలవాటయ్యేలోగా పోయాడు. నాకు జ్ఞాపకం ఉన్నదల్లా దూలానికి అలాగే వేలాడుతూ ఉండిపోయిన ఉయ్యాల తాడు. అమ్మ దాని కింద నుంచి వెళ్ళాల్సివస్తే వంగి వెళ్ళేది, అంత ఎత్తున ఉన్నా కూడా.

రెండోవాడు పుట్టినప్పుడు మా నాయనమ్మ చావును మోసం చేయాలనుకుంది. మా వైపు అది మామూలే. పిల్లలు నిలవని ఇంట్లో పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎదురింటి ముసలమ్మ చేత ఎత్తించి, చేటెడు తవుడు ఇచ్చి ఆమె దగ్గర కొనుక్కుంది. వీడు ఈ కడుపున పుట్టినవాడు కాదు, తవుడికి కొన్నవాడు, వీడిమీద ఎవరికీ కన్ను పడాల్సిన పని లేదు అని పైకి అందరికీ వినబడేలా చెప్పింది. ముక్కు కుట్టించి రాగి తీగ పెట్టారు. తవిటినాయుడు అని పేరు పెట్టారు. మాకు తవుడు. మా ప్రాంతంలో ఆ పేరు వినబడితే నేను ఇప్పటికీ ఆ మనిషి మొహం కేసి ఒకసారి చూస్తాను. ఎవరి తల్లి ఎంతమందిని పోగొట్టుకున్నాక ఇతన్ని కొనుక్కుందో అనుకుంటాను.

వీడికీ ఆరునెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత ఎడమ చెవి కారడం మొదలై, బతికినన్నాళ్ళూ కారుతూనే ఉంది. అమ్మ పాత చీర చింపి వత్తులు చేసి చెవిలో పెట్టేది. అవి తడిసి పచ్చబడేవి. వెల్లుల్లి నూనె, తులసి రసం, ఎవరు ఏది చెప్తే అది పోసేవారు. దగ్గు వచ్చిందంటే నెమ్ములో దిగేది. దిగాక ఎగరొప్పు, ఊపిరి అందేది కాదు. వంట్లో కండ పట్టేది కాదు, ఒక మోకాలు వాచి చాన్నాళ్ళు కుంటుతూ నడిచాడు. ఇంత ఉన్నా వాడంత మాటకారిని మా ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. అక్కనైన నేను ఎడమ పక్కనుంచి పిలిస్తే, "ఇటేపు దుకానం కట్టేసినాను అప్పా, అటేపు సెవికాడికెల్లి సెప్పు" అనేవాడు. జ్వరం వచ్చినప్పుడు నేను ఏడుస్తూ పక్కన కూర్చుంటే నన్నే కసిరాడు ఒకసారి. "నువ్వేల ఏడుస్తావే? నాకు జొరమొస్తేనే కదా అమ్మ పొలమెల్దు. రేపు కూడా ఉంటే బాగున్ను." అమ్మ పక్కనే గంజి వారుస్తోంది. ఆ మాట విని గంజి కుండ అలాగే పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత వాడికి జ్వరం లేని రోజుల్లో కూడా పొలం వెళ్ళబోయే ముందు వచ్చి కాసేపు పక్కన కూర్చునేది. నాయనమ్మ అరుగు మీంచి, "ఏటే, సేనుకెల్లవేటి? కొడుకుని సూస్తే నాట్లు పడిపోతాయేటి?" అని కేకేసే దాకా.

వాతలు పెట్టించారు. పసుపుకొమ్ము నిప్పులో ఎర్రగా కాల్చి పొట్ట మీద. మా నాన్న కాళ్ళు పట్టుకున్నాడు, నాయనమ్మ చేతులు పట్టుకుంది. అమ్మను శాలలో ఉండమన్నారు. ఆ పుండు మిగతా పిల్లలకైతే ఆరిపోయేది, వీడికి నెలలు మానలేదు. ఎందుకు మానదో ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం దానికీ ఒక కారణం దొరికింది. ఆ రోజుల్లోనే మా అమ్మమ్మ మనవణ్ణి చూడ్డానికి శృంగవరపుకోట నుంచి వచ్చింది, నెత్తి మీద పనసకాయ మోసుకుని. వాడి పొట్ట మీద పుండు చూసి, చెవి చూసి, అరుగు మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూ, కూతుర్ని ఓదార్చాలని కాబోలు, "నాకూ ఇద్దరు మొగగుంటలు ఇలగే పోనారమ్మా. సెవి కారి, దగ్గొచ్చి, అచ్చం ఇలగే" అంది. అంతే. మా నాయనమ్మ నోట్లో చుట్ట బయటికి తీసింది. ఆమె చుట్ట తీసి మాట్లాడిందంటే అది ఊరికి చెప్పే మాట. "ఇన్నారేటర్రా? ఆల్లింట్లోనే ఉన్నాది! మొగగుంటల్ని మింగే కడుపని తెలిసి మా పిల్లోడికి కట్టినారు!" అమ్మమ్మ ఆ పూట అన్నం తినకుండానే వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. తల్లి జాలిపడి అన్న ఒక్క నిజమైన మాట మా అమ్మ నెత్తిన శాశ్వతంగా కూర్చుంది.

నరసన్నపేటలో ఒక డాక్టరు ఉండేవారు. ఆయన తవుడుకి పెన్సిలిన్ సూదులు వేసినప్పుడల్లా లేచి కూర్చునేవాడు, అంబలి అడిగేవాడు, గొడ్ల వెనక పరుగెత్తేవాడు. నెల తిరిగేసరికి మళ్ళీ మొదలు. ఆయన మంచివారు, తనకు తెలియంది తెలియదని చెప్పారు. "నాయుడూ, తగ్గడం తగ్గుతోంది, మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తోందో నాకు అంతు చిక్కడం లేదు. విశాఖ పెద్దాసుపత్రిలో చూపించు" అన్నారు. నాన్న అలాగేనన్నాడు. వరి కోతలయ్యాక అన్నాడు, నూర్పులయ్యాక అన్నాడు, గోగు అమ్మాక అన్నాడు. వెళ్ళి ఉంటే మాత్రం ఏం తేల్చేవారో, ఆ రోజుల్లో అక్కడ ఈ జబ్బు పేరు ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. కాని వెళ్ళలేదన్నది మాత్రం తెలుసు.

వాడికి ఏడో ఏడు నడుస్తుండగా, నాట్లు వేసే ఉడుపుల రోజుల్లో, గట్టి ముసురు పట్టింది. తవుడుకి ఎగరొప్పు మొదలైంది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది, ముక్కు అంచులు నీలంగా ఉన్నాయి. పొద్దున్నే అమ్మ నాన్న దగ్గరికి వెళ్ళింది. ఆమె ఆయనకు ఎదురుగా నిలబడి అడగడం నేను చూసిన మొదటిసారీ చివరిసారీ అదే.

"బండి కట్టండి. సికాకోలం తీసుకెల్దాం."

"దమ్ము మజ్జిలో ఎడ్లనిప్పమంటావేటి?" అన్నాడు నాన్న, నాగలి భుజాన వేసుకుంటూ. "కూలోల్లు దిగిపోనారు. సాయంత్రం సూద్దాం."

"సాయంత్రానికి ఉండడు."

"ఉండీవోడైతే ఉంటాడు. ఎన్నిసార్లు సూడనేదు?"

ఆయన వెళ్ళిపోయాడు. అమ్మ లోపలికి వచ్చి వాణ్ణి భుజాన వేసుకుని, గోనెసంచి మడిచి ఇద్దరి తలల మీదా కప్పుకుంది. నాయనమ్మ వెనకనుంచి ఏదో అరిచింది. నేను వెంట పరుగెత్తాను. గట్లన్నీ జారుడు. ఒకచోట అమ్మ మోకాళ్ళ మీద పడింది గాని వాణ్ణి వదల్లేదు. పెద్ద రోడ్డు మీద శ్రీకాకుళం వెళ్ళే బస్సు దొరికింది. అమ్మ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాడు నా వైపు చూస్తున్నాడు గాని మాట్లాడే ఊపిరి లేదు. శ్రీకాకుళం ఇంకా రాలేదు, ఒళ్ళో ఆ ఎగరొప్పు ఆగిపోయింది. నేను నోరు తెరిచాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "ఏడవకు. తెలిస్తే దింపేస్తారు." చీర కొంగు వాడి మొహం మీద కప్పి, నిద్రపోతున్న పిల్లాణ్ణి జోకొట్టినట్టు వీపు మీద తడుతూ కూర్చుంది. శ్రీకాకుళంలో దిగాం. ఎదుటివైపుకి దాటి, వెనక్కి వెళ్ళే బస్సు కోసం నిలబడ్డాం. వాన పడుతూనే ఉంది. బస్సులో ఒకావిడ జరిగి చోటిచ్చి, "గుంటడికి జొరమా అమ్మా?" అని అడిగింది. "ఇప్పుడు తగ్గినాది" అంది అమ్మ.

ఇంటికొచ్చాక నాన్న అన్నది, "వానలో మోసుకెల్లి సంపీసినావు" అని.

ఆ ఏటి పంట ఇంటికి చేరకముందే నాన్న రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఎవరూ వింతగా చూడలేదు. సాలూరు వైపు అమ్మాయి, నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. సిన్నమ్మ అని పిలవమన్నారు. చెడ్డ మనిషి కాదు, భయపడే మనిషి. ఆమెకు ఇద్దరు కొడుకులు పుట్టారు, ఇద్దరూ రాయిలా ఉన్నారు. వాళ్ళు పడ్డారు, లేచారు, తట్టు పోసింది, తగ్గింది, చెరువు నీళ్ళు తాగారు, ఏమీ కాలేదు. వాళ్ళు పెరిగిన ప్రతి అంగుళమూ మా అమ్మ మీద సాక్ష్యమే. మా నాయనమ్మ ఒక కట్టుబాటు పెట్టింది: సన్యాసమ్మ చెయ్యి పసివాళ్ళ మీద పడకూడదు. అదే చేత్తో వండిన అన్నం ఇంటిల్లిపాదీ తినేవారు. అదే చేత్తో పితికిన పాలు ఆ పిల్లలు తాగేవారు. ఎత్తుకోవడానికి మాత్రం పనికిరాదు. ఒకరోజు అందరూ పొలం వెళ్ళారు. ఉయ్యాల్లో చిన్నవాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నేను పెరట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి అమ్మ ఉయ్యాల ముందు నిలబడి ఉంది, రెండు చేతులూ వెనక కట్టుకుని. చూసే మనిషి ఎవరూ లేరు. ఎత్తుకుంటే అడిగే మనిషీ లేరు. "రాయే, నువ్వెత్తు. నా సెయ్యి తగిల్తే మంచిది కాదు" అంది. అప్పుడు తెలిసింది నాకు, ఇంట్లో వాళ్ళు చెప్పిన మాటను ఆమె కూడా నమ్మిందని. కొట్టినా తిట్టినా అంత బాధపడేదాన్ని కాదేమో.

నేను టీచరు ఉద్యోగం వచ్చి శ్రీకాకుళంలో ఇల్లు తీసుకున్నాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. ఆపడానికి ఎవరూ రాలేదు. నాకు కొడుకు పుట్టాడు. పొత్తిళ్ళలో పెట్టి అందించబోతే రెండడుగులు వెనక్కి వేసింది. "నాకీయకు తల్లీ, నీకు దన్నం పెడతాను" అంది. వాడు నడిచి, తనంతట తానే వెళ్ళి ఆమె ఒళ్ళో కూర్చునేదాకా ముట్టుకోలేదు. వాడు కూర్చున్నప్పుడు కూడా చేతులు రెండూ గాల్లోకి ఎత్తి పట్టుకుంది, తడి చేతులతో ఉన్న మనిషిలా. వాడు బాగానే పెరిగాడు, ఇప్పుడు నలభై దాటాడు. వాడికి ఏమీ కాకపోవడం చూసి అమ్మ తేరుకుంటుందనుకున్నాను. "దూరంగా ఉన్నాను కాబట్టే" అంది. పోయేదాకా ఆ నమ్మకంతోనే ఉంది.

డాక్టరమ్మ రక్తం పరీక్షలు చేయించి, ఇంకో పరీక్షకు ఎక్కడికో పంపించి, అన్నీ వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. రోగాల మీద పోరాడే యాంటీబాడీలను తయారుచేసే కణాలు చరణ్ ఒంట్లో లేవట. పుట్టేటప్పుడు తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కొన్ని నెలలు కాస్తాయి, అవి అయిపోయాక బిడ్డకు కాపలా ఉండదు. ఆ ఆరునెలల బొద్దుతనం మా అమ్మ ఇచ్చిందన్నమాట. తన రక్తంలోంచి ఇచ్చిన ఆ కాపలాతోనే ఇద్దరు కొడుకులూ అన్నాళ్ళు నవ్వారు. తేడా ఉన్నది ఒక జన్యువులో అనీ, అది ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుందనీ చెప్పింది. ఆడవాళ్ళకు అలాంటివి రెండు, ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. మగపిల్లాడికి ఒకటే, అదీ తల్లి నుంచే. చెడినది వస్తుందో మంచిది వస్తుందో బొమ్మా బొరుసే. నా కొడుక్కి మంచిది వచ్చింది. నా కూతురికి నాలోని చెడినది వెళ్ళింది, దాని కొడుకు దగ్గర బయటపడింది. "ఇది ఎవరి తప్పూ కాదు, కళ్ళ రంగు ఎవరి తప్పు?" అంది డాక్టరమ్మ. ఇలా పుట్టుకతో వచ్చేవి చాలా రకాలున్నాయట. కొన్నిటికి తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ రావాలి. కొన్నిటికి ఎముకలో మజ్జ మార్చాల్సిందే. వీడికి నెలనెలా ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు ఎక్కిస్తే చాలు, బడికి పోతాడు, పెరుగుతాడు, కాకపోతే బతికినన్నాళ్ళూ ఎక్కించుకోవాలి, దగ్గూ జ్వరం వస్తే వెంటనే చూపించుకోవాలి. శైలజ ఏడవలేదు. "బతుకుతాడా మేడం?" అని ఒక్కటే అడిగింది. "ఎందుకు బతకడూ?" అంది ఆమె.

విజయనగరంలో శైలజ అత్తవారింట్లో మాత్రం కథ ఇంకోలా నడిచింది. రోగనిరోధక శక్తి లేదన్న మాట ఒక్కటే మా వియ్యపురాలికి వినబడింది. వంటింట్లో శైలజ గ్లాసూ కంచమూ విడిగా కిటికీలో పెట్టి ఉండడం నేను వెళ్ళినప్పుడు చూశాను. అడిగితే గొంతు తగ్గించి, "అది లేకపోడమంటే ఆ జబ్బే కదా వదినా. టీవీలో సెప్పీవోరు. పిల్లడికొచ్చిందంటే తల్లికి ఎక్కడినుంచొచ్చినట్టు?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎయిడ్స్ వేరు, అది వైరస్ బయటినుంచి ఒంట్లో చేరి ఉన్న శక్తిని తినేయడం వల్ల వచ్చేది, ఇది పుట్టుకతో శక్తే లేకపోవడం, ఇది ఎవరికీ అంటదు అని చెప్పాను. చెప్పి ఊరుకోలేకపోయాను. "ఆ జబ్బున్నవాళ్ళకైనా గ్లాసు వేరే పెట్టక్కర్లేదు వదినా. గ్లాసుతో అది అంటుకోదు. ఇప్పుడు దానికీ రోజూ వేసుకునే మాత్రలున్నాయి, వేసుకుని పిల్లల్ని కని పెంచుకుంటున్నారు" అన్నాను. "నానేటన్నాను? లోకం అంటాది" అంది. అప్పుడే లోపలికి వచ్చిన అల్లుడు కిటికీలో శైలజ గ్లాసు తీసి, నీళ్ళు ముంచుకుని తాగి, మిగతా గ్లాసుల్లో బోర్లించి వెళ్ళిపోయాడు. అల్లుడి మీద ఆ పూట నాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు. మా ఇంట్లో అప్పుడు అలాంటివాడు ఒక్కడుంటే చాలుననిపించింది.

అది మనసులో పెట్టుకునే మా ఊరు వెళ్ళాను. నాన్న ఇంకా ఉన్నాడు. తొంభై దాటాయో లేదో ఆయనకే తెలియదు. నాయనమ్మ పోయింది, అమ్మ పోయింది, తవుణ్ణి ఎరిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఉన్న ఒక్క సాక్షికీ అసలు సంగతి చెప్పాలనిపించింది. అరుగు మీద ఇప్పుడు టైల్స్ వేశారు. నాన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి, మునిమనవడికి వచ్చిన జబ్బు, తవుడుకి వచ్చింది అదేనన్న సంగతి, ఆయనకు తెలిసే మాటల్లో మొదటినుంచీ చెప్పాను. కడుపు దోషం కాదు, చేతి దోషం కాదు, పాపం కాదు, రక్తంలో కంటికి కనబడనంత చిన్న తేడా, అది అమ్మకే తెలియదు అన్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. అంత శ్రద్ధగా నా మాట ఎప్పుడూ వినలేదు.

"అయితే ఆడోల్ల నుంచే వస్తాదన్నమాట" అన్నాడు.

"వస్తాది గానీ అయ్యా..."

"మీయమ్మ నుంచే వొచ్చినాది."

"అవును. అయితే..."

"మరి మావేటి తప్పు సెప్పినాం?" ఆయన మొహం విచ్చుకుంది. లోపలికి తిరిగి, "ఇన్నావేటే? మాయమ్మ ఆ దినం అన్న మాటే డాకటరు ఇప్పుడు సెప్పినాడట!" అని సిన్నమ్మను కేకేశాడు. ఆమె గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి, తల దించుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంత చదువు, ఇన్ని పరీక్షలు, ఎక్కడెక్కడి డాక్టర్లో కష్టపడి కనుక్కున్న నిజం, మా నాన్న చెవిలో పడేసరికి మా నాయనమ్మ మాటగా మారి కూర్చుంది. అప్పుడు మళ్ళీ ఆయన చెవి దగ్గరికి వంగాను. "జబ్బు అమ్మ నుంచొచ్చినాది అయ్యా. ఆ దినం బండి కట్టకపోడం ఎవులి నుంచొచ్చినాది?" అన్నాను. "ఏటి?" అన్నాడు. మళ్ళీ చెప్పాను, ఈసారి వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేంత గట్టిగా. వినబడిందని ఆయన కళ్ళు చూస్తే తెలిసింది. రోడ్డు వైపు మొహం తిప్పుకున్నాడు. "ఎండెక్కిపోతాది, బస్సుకెల్లిపో అమ్మీ" అన్నాడు.

బస్సులో ఉండగా శైలజ ఫోను చేసింది. ఆ రోజు చరణ్‌కి మందు ఎక్కిస్తున్నారు. మొదటి గుచ్చుకే నరం దొరికిందట, వాడు ఏడవకుండా బొమ్మలు చూసుకుంటున్నాడట. ఆ సీసాలో ఉన్నది ఒకరిద్దరి రక్తం లోంచి తీసింది కాదనీ, మొహం కూడా తెలియని వేలమంది ఇచ్చిన దాంట్లోంచి తీసిందనీ నర్సు చెప్పిందట. "ఎవరెవరో కదమ్మా, వాళ్ళకు వీడెవడో తెలియదు కూడా" అంది. తర్వాత అడిగింది, "తాతయ్యకు చెప్పావా? ఏమన్నాడు?"

"ఏమంటాడే, చెవుడు కదా, వినబడలేదు" అన్నాను.

అబద్ధమే. ఆడాళ్ళ నుంచే వచ్చిందన్న మాట ఆ ఇంట్లోంచి బయలుదేరి నా కూతురి దాకా రాకుండా నా దగ్గర ఆపేశాను. ఆ పని మా అమ్మకు చేసిపెట్టడానికి ఆ రోజు ఆ ఇంట్లో ఒక్క మనిషీ లేకపోయారు.